క్యూ ఉన్న వెబ్ సర్వీసులకు ఆటోమేటెడ్ టెస్టులు: నకిలీ క్యూనా, ఎమ్యులేటరా, కంటైనరా, అసలు క్యూనా?

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఆర్డర్లు తీసుకునే వెబ్ సర్వీస్ ఒకటి, వాటికి ఇన్‌వాయిస్ తయారుచేసే వర్కర్ ఒకటి ఉండేవి. మధ్యలో రాబిట్‌ఎమ్‌క్యూ, అంటే ఒకరు పంపిన మెసేజ్‌ని క్యూలో ఉంచి ఇంకొకరికి అందించే బ్రోకర్. టెస్టులన్నీ పచ్చగా ఉండేవి, కవరేజీ కూడా బాగానే ఉండేది. అయినా కొత్త వెర్షన్ పెట్టిన ప్రతిసారీ కొన్ని ఇన్‌వాయిస్‌లు మాయమయ్యేవి. ఎర్రర్ లేదు, లాగ్‌లో జాడ లేదు, క్యూ చూస్తే ఖాళీ. కారణం దొరకడానికి చాలా రోజులు పట్టింది. తీరా చూస్తే అది ఒకే ఒక్క సెట్టింగ్. కన్స్యూమర్, అంటే క్యూలోంచి మెసేజ్ తీసుకునే వర్కర్, ఆటో యాక్ మోడ్‌లో ఉంది. యాక్ అంటే "ఈ మెసేజ్ పని అయింది, తీసేయొచ్చు" అని బ్రోకర్‌కి చెప్పడం. ఇక్కడ అది దానంతటదే వెళ్లిపోతోంది. అంటే మెసేజ్‌ని వర్కర్ వైపు పంపగానే పని అయిపోయిందనుకుని బ్రోకర్ దాన్ని తుడిచేస్తోంది. వర్కర్ ఆ మెసేజ్ మీద పని మధ్యలో ఉండగా రీస్టార్ట్ అయితే ఆ మెసేజ్ ఇక ఎక్కడా ఉండదు.

మా టెస్టులు దీన్ని పట్టుకోలేకపోయాయంటే వింతేమీ లేదు. వాటిలో క్యూ అంటే మెమరీలో ఒక లిస్టు. ఒక చివర వేస్తాం, ఇంకో చివర తీస్తాం. లిస్టుకి యాక్ అంటే ఏమిటో తెలియదు, కనెక్షన్ తెగడం తెలియదు, ఒకే మెసేజ్ రెండోసారి రావడం అసలే తెలియదు.

అప్పటినుంచి క్యూ టెస్టింగ్‌కి ఏ టూల్ వాడాలని ఎవరైనా అడిగితే నేను ముందు ఇంకోటి అడుగుతాను. మీ సిస్టమ్‌లో ఏ తప్పు జరిగితే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది? మీరు ఎంచుకోబోయే ఏర్పాటులో ఆ తప్పు అసలు జరగగలదా? తప్పు జరిగే వీలే లేని చోట టెస్ట్ పాసైతే, ఆ తప్పు గురించి మనకి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. కింద చెప్పే నాలుగు దారులనూ ఈ ఒక్క ప్రశ్నతోనే కొలిచాను.

నకిలీ క్యూ

అందరూ మొదట పట్టుకునేది ఇదే. పంపే ఫంక్షన్ స్థానంలో ఒక మాక్ (నిజంగా పంపకుండా పంపినట్టు నటించే కోడ్), లేదా ప్రాసెస్ లోపలే మెమరీలో నడిచే క్యూ. ఇంకో బ్రోకర్ అయిన కాఫ్కా జావా క్లయింట్‌తో పాటే మాక్‌ప్రొడ్యూసర్, మాక్‌కన్స్యూమర్ వస్తాయి. కాఫ్కా స్ట్రీమ్స్ రాసేవాళ్లకి టోపాలజీ టెస్ట్ డ్రైవర్ ఉంది. డాట్‌నెట్‌లో మాస్‌ట్రాన్సిట్ సొంత టెస్ట్ హార్నెస్ ఇస్తుంది. పైథాన్‌లో సెలరీకి ఈగర్ మోడ్ ఉంది, అది టాస్క్‌ని క్యూలో వేయకుండా అక్కడికక్కడే నడిపేస్తుంది.

వీటి బలం వేగం. వందల టెస్టులు కొన్ని సెకన్లలో అయిపోతాయి, నెట్‌వర్క్ అక్కర్లేదు, ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా నడుస్తాయి. రద్దయిన ఆర్డర్‌కి ఇన్‌వాయిస్ పుట్టకూడదు, పన్ను సరిగా లెక్కపడాలి, కావాల్సిన ఫీల్డ్ లేకపోతే మెసేజ్‌ని తిప్పికొట్టాలి. ఇలాంటి నియమాలకి ఇంతకంటే మంచి చోటు లేదు. వీటి కోసం అసలు బ్రోకర్‌ని లేపడం దండగ.

కానీ క్యూ ప్రవర్తన గురించి ఇవి చెప్పగలిగేది దాదాపు ఏమీ లేదు. ఈగర్ మోడ్ యూనిట్ టెస్టులకు తగదని, వర్కర్‌లో జరిగేదానికి అది అనుకరణ మాత్రమేనని సెలరీ డాక్యుమెంటేషనే చెబుతుంది. నకిలీ క్యూలో ఇంకో చిన్న గుంట ఉంది, చాలామంది అందులో కాలు వేస్తారు. సొంతంగా రాసుకున్న ఫేక్‌లో ప్రొడ్యూసర్ (మెసేజ్ పంపేది) ఇచ్చిన ఆబ్జెక్టే నేరుగా కన్స్యూమర్ చేతికి వెళ్తుంది. మధ్యలో జేసన్‌గా మారడం, మళ్లీ విప్పుకోవడం ఉండదు. దాంతో తేదీ ఫీల్డ్ టెస్టులో తేదీగానే ఉంటుంది, ప్రొడక్షన్‌లో మాత్రం స్ట్రింగ్‌గా వచ్చి వర్కర్ పడిపోతుంది. మీరు ఫేక్ రాస్తే, వేసేటప్పుడు బైట్లుగా మార్చి తీసేటప్పుడు మళ్లీ చదివేలా రాయండి. పది లైన్ల పని అది, చాలా తలనొప్పి తగ్గిస్తుంది.

నకిలీ క్యూ సుఖంగా పనిచేయాలంటే కోడ్ కూడా అందుకు ఒదగాలి. మెసేజ్ తీసుకునే హ్యాండ్లర్‌ని బ్రోకర్ గురించి ఏమీ తెలియని మామూలు ఫంక్షన్‌గా ఉంచండి. యాక్, నాక్ (మెసేజ్‌ని తిప్పికొట్టడం), రీట్రై అన్నీ దాని చుట్టూ ఉండే పల్చటి పొరలో పెట్టండి. లోపలిదాన్ని నకిలీలతో, పై పొరని అసలు బ్రోకర్‌తో పరీక్షించొచ్చు. ఈ విడదీత లేని కోడ్‌కి ఏ దారి ఎంచుకున్నా కష్టమే.

ఎమ్యులేటర్

ఎమ్యులేటర్ అంటే మీ మెషిన్‌లోనే నడుస్తూ క్లౌడ్ క్యూలా ప్రవర్తించే ప్రోగ్రామ్. క్లౌడ్ క్యూ వాడేవాళ్లకి ఇది మధ్యేమార్గం. అమెజాన్ క్లౌడ్ క్యూ ఎస్‌క్యూఎస్ కోసం పైథాన్‌లో మోటో, స్కాలాలో రాసిన ఎలాస్టిక్‌ఎమ్‌క్యూ, ఇంకా చాలా ఏడబ్ల్యూఎస్ సర్వీసులను కలిపి చూపించే లోకల్‌స్టాక్ ఉన్నాయి. గూగుల్ క్లౌడ్ మెసేజ్ సర్వీస్ పబ్‌సబ్‌కి గూగుల్ తానే ఎమ్యులేటర్ ఇస్తుంది. అడ్రస్ ఒక్కటి మారిస్తే చాలు, మీ కోడ్ అదే క్లయింట్ లైబ్రరీతో మాట్లాడుతుంది. కాబట్టి సీరియలైజేషన్ (డేటాని బైట్లుగా మార్చడం), రిక్వెస్ట్ ఆకారం, క్యూ సృష్టించే స్క్రిప్ట్ ఇవన్నీ నిజంగానే నడుస్తాయి. నకిలీ క్యూ కంటే ఇది ఒక మెట్టు పైనే.

చిక్కు ఎక్కడంటే, ఎమ్యులేటర్ అసలుదాని కంటే మర్యాదగా ఉంటుంది. ఎస్‌క్యూఎస్ స్టాండర్డ్ క్యూ మెసేజ్‌ని కనీసం ఒకసారి ఇస్తానంటుంది, అంటే రెండుసార్లు కూడా ఇవ్వొచ్చు. వరసకి గ్యారంటీ లేదు. షార్ట్ పోలింగ్‌లో (ఆగకుండా వెంటనే జవాబిచ్చే పద్ధతి) కొన్ని సర్వర్లనే అడుగుతుంది కాబట్టి క్యూలో మెసేజ్‌లు ఉన్నా ఖాళీ జవాబు రావొచ్చు. మీ మెషిన్‌లో ఒకే ప్రాసెస్‌గా నడిచే ఎమ్యులేటర్ మాత్రం వేసినవన్నీ వేసిన వరసలో, ఒక్కసారే, అడగ్గానే ఇచ్చేస్తుంది. దాన్ని చూసి రాసిన కోడ్ ఆ వరస మీదే ఆధారపడిపోతుంది. ఆ సంగతి టెస్టులు ఎప్పటికీ చెప్పవు.

అనుమతులూ అంతే. పబ్‌సబ్ ఎమ్యులేటర్‌లో ఐఏఎమ్ (ఎవరికి ఏ అనుమతి ఉందో చూసే వ్యవస్థ) లేదు. మిగతావి కూడా ప్రత్యేకంగా ఆన్ చేస్తే తప్ప మామూలుగా ఎవరినైనా లోపలికి రానిస్తాయి. ప్రొడక్షన్‌లో క్యూకి రాసే అనుమతి లేక మొదటి రోజే పడిపోయే సర్వీస్ ఎమ్యులేటర్ దగ్గర హాయిగా పాసవుతుంది. హద్దులు కూడా మారుతూ ఉంటాయి. ఎస్‌క్యూఎస్ చాలా ఏళ్లు 256 కేబీ దగ్గరే ఉంచిన మెసేజ్ సైజు హద్దుని 2025లో 1 ఎంబీకి పెంచింది. మీ ఎమ్యులేటర్ వెర్షన్ ఏ హద్దు పాటిస్తుందో చూసుకోకుండా సైజు టెస్టులను నమ్మకండి.

ఎమ్యులేటర్‌ని వద్దనను. క్లౌడ్ క్యూ ఉన్న టీమ్‌కి రోజువారీ టెస్టుల్లో అది చాలా పనికొస్తుంది. అదే చివరి మెట్టు అనుకోకూడదు, అంతే.

కంటైనర్‌లో అసలు బ్రోకర్

రాబిట్‌ఎమ్‌క్యూ, కాఫ్కా, యాక్టివ్‌ఎమ్‌క్యూ లాంటి సొంతంగా నడుపుకునే బ్రోకర్ వాడుతుంటే నా ఓటు నేరుగా దీనికే. ఇక్కడ అనుకరణ లేదు. ప్రొడక్షన్‌లో నడిచే సాఫ్ట్‌వేరే టెస్ట్ మొదలయ్యేముందు డాకర్ కంటైనర్‌లో లేస్తుంది, అయిపోగానే పోతుంది. 2015లో జావాలో మొదలైన టెస్ట్‌కంటైనర్స్ అనే లైబ్రరీ ఇప్పుడు పైథాన్, గో, డాట్‌నెట్, నోడ్ అన్నిటికీ ఉంది. ఖాళీగా ఉన్న పోర్టుని అదే చూసుకుంటుంది. బ్రోకర్ నిజంగా సిద్ధమయ్యేదాకా ఆగుతుంది. టెస్ట్ మధ్యలో ఆగిపోయినా కంటైనర్లను ఊడ్చేయడానికి ర్యూక్ అనే చిన్న తోడు కంటైనర్‌ని నడుపుతుంది.

మొదట చెప్పిన ఇన్‌వాయిస్ బగ్‌కి మేం చివరికి రాసిన టెస్ట్ ఇలా ఉంటుంది. కంటైనర్‌లో బ్రోకర్ లేపుతాం. ఆ టెస్ట్‌కి మాత్రమే చెందిన పేరుతో క్యూ తయారుచేస్తాం. వర్కర్‌ని మొదలుపెడతాం. కానీ డేటాబేస్‌లో రాసే చోట ఒక తాళం వేసి అక్కడే నిలబెడతాం. మెసేజ్ పంపుతాం. వర్కర్ తాళం దాకా వచ్చిందని తెలిశాక దాని కనెక్షన్‌ని ఠక్కున తెంపేస్తాం. ఇప్పుడు తాళం లేని రెండో వర్కర్‌ని లేపుతాం. యాక్ పని అయ్యాకే వెళ్తుంటే, కనెక్షన్ తెగిన క్షణంలోనే బ్రోకర్ ఆ మెసేజ్‌ని తిరిగి క్యూలో పెడుతుంది. రెండో వర్కర్‌కి అది రీడెలివర్డ్ అనే గుర్తుతో వస్తుంది, డేటాబేస్‌లో ఒకే ఒక్క ఇన్‌వాయిస్ ఉంటుంది. ఆటో యాక్ ఉంటే రెండో వర్కర్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది, టెస్ట్ ఎర్రగా మారుతుంది. పాత కోడ్ మీద దీన్ని నడిపి అది ఎర్రబడటం చూసినప్పుడు కలిగిన నిశ్చింత నాకు ఇప్పటికీ గుర్తుంది.

రాబిట్‌ఎమ్‌క్యూ దగ్గర అసలు బ్రోకర్ మాత్రమే పట్టుకునే తప్పులు ఇంకో రెండున్నాయి. రాబిట్‌ఎమ్‌క్యూలో మెసేజ్ ముందు ఎక్స్‌చేంజ్‌కి వెళ్తుంది, అది మెసేజ్ మీది రూటింగ్ కీ చూసి బైండింగ్ అనే నియమాల ప్రకారం క్యూలకి పంచుతుంది. ఆ కీ ఏ బైండింగ్‌కీ సరిపోకపోతే బ్రోకర్ దాన్ని నిశ్శబ్దంగా పారేస్తుంది. ఆల్టర్నేట్ ఎక్స్‌చేంజ్ ఉంటే మెసేజ్ అక్కడికి వెళ్తుంది, మాండేటరీ ఫ్లాగ్ పెడితే ప్రొడ్యూసర్‌కి తిరిగొస్తుంది. ఈ రెండూ లేకపోతే ఎవరికీ సంగతే తెలియదు. రూటింగ్ కీలో ఒక్క అక్షరం తప్పినా ఇదే కథ. రెండోది, ఇప్పటికే ఉన్న క్యూని వేరే ఆర్గ్యుమెంట్లతో మళ్లీ డిక్లేర్ చేస్తే 406 ఎర్రర్ ఇచ్చి ఛానెల్ మూసేస్తుంది. డెడ్ లెటర్ సెట్టింగ్ (పని కాని మెసేజ్‌లను వేరే చోట పెట్టే ఏర్పాటు) కలిపిన కొత్త కోడ్ పాత క్యూ మీద డిప్లాయ్ అయినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. ముందు పాత ఆర్గ్యుమెంట్లతో క్యూ తయారుచేసి, ఆ తర్వాత కొత్త కోడ్‌ని మొదలుపెట్టే టెస్ట్ ఒక్కటి ఉంటే చాలు.

ఇమేజ్ ట్యాగ్‌ని ప్రొడక్షన్ వెర్షన్‌కే కట్టేయండి. లేటెస్ట్ అని రాయకండి. 2024లో వచ్చిన రాబిట్‌ఎమ్‌క్యూ 4.0లో కోరమ్ క్యూలకి (చాలా సర్వర్లలో కాపీలుండే క్యూలు) డెలివరీ హద్దు, అంటే ఒకే మెసేజ్‌ని ఎన్నిసార్లు తిరిగి ఇవ్వొచ్చన్నది, డిఫాల్ట్‌గా 20 అయింది. అంతకుముందు ఆ హద్దు మనం పెట్టుకుంటేనే ఉండేది. హద్దు దాటిన మెసేజ్ డెడ్ లెటర్ ఏర్పాటు ఉంటే అక్కడికి పోతుంది, లేకపోతే పోయినట్టే. టెస్టులు ఒక వెర్షన్ మీద, ప్రొడక్షన్ ఇంకో వెర్షన్ మీద ఉంటే ఈ తేడా ఎవరి కంటా పడదు.

కాఫ్కాకి కంటైనర్ లేపడం తేలికే, కానీ మొదటి వారం టెన్షన్ పెడుతుంది. చాలామంది తగులుకునేది ఇక్కడ: కొత్త కన్స్యూమర్ గ్రూప్‌కి (పని పంచుకునే కన్స్యూమర్ల గుంపు) ఎక్కడినుంచి చదవాలో చెప్పే ఆటో ఆఫ్‌సెట్ రీసెట్ డిఫాల్ట్ విలువ లేటెస్ట్. టెస్ట్ మెసేజ్ పంపేసింది, కన్స్యూమర్‌కి పార్టిషన్ (కాఫ్కాలో మెసేజ్‌లుండే టాపిక్‌లో ఒక భాగం) ఆ తర్వాత దక్కింది. అది అక్కడినుంచి వచ్చే కొత్తవే చదువుతుంది, మన మెసేజ్ ఎప్పటికీ కనబడదు. ఒక్కోసారి పాస్, ఒక్కోసారి ఫెయిల్. టెస్టుల్లో ఎర్లియెస్ట్ పెట్టండి, ప్రతి టెస్ట్‌కి కొత్త టాపిక్, కొత్త గ్రూప్ పేరు ఇవ్వండి. గ్రూప్ మొదటిసారి కూడేటప్పుడు బ్రోకర్ డిఫాల్ట్‌గా 3 సెకన్లు ఆగుతుంది, టెస్టుల్లో దాన్ని సున్నా చేస్తే మొత్తం సూట్ చాలా తేలికపడుతుంది. ఒకే బ్రోకర్‌ని సొంత సెట్టింగులతో లేపుతుంటే ఆఫ్‌సెట్స్ టాపిక్ రెప్లికేషన్ ఫ్యాక్టర్‌ని (ఎక్కడిదాకా చదివారో దాచే టాపిక్‌కి ఎన్ని కాపీలో) 3 నుంచి 1కి దించాలి. లేకపోతే కన్స్యూమర్ ఏ ఎర్రరూ చూపకుండా వేలాడుతూనే ఉంటుంది. టెస్ట్‌కంటైనర్స్ కాఫ్కా మాడ్యూల్ వాడితే పోర్టు, అడ్రస్ గొడవలు కూడా చాలావరకు అదే చూసుకుంటుంది.

వేగం సంగతి. బ్రోకర్ లేవడానికి సెకన్లు పడుతుంది కాబట్టి ప్రతి టెస్ట్‌కి ఒక కంటైనర్ పెట్టకండి. సూట్ మొత్తానికి ఒకటి లేపి, టెస్టులను పేర్లతో విడదీయండి. రాబిట్‌ఎమ్‌క్యూలో అయితే ప్రతి టెస్ట్ క్లాస్‌కి ఒక వర్చువల్ హోస్ట్ (ఒకే బ్రోకర్ లోపల విడి గదిలాంటిది) ఇచ్చేయొచ్చు. టెస్టుల మధ్య క్యూ ఖాళీ చేసి అదే పేరు మళ్లీ వాడటం నాకు నచ్చదు. ముందు టెస్ట్‌లో ఆలస్యంగా పని ముగించిన వర్కర్ తర్వాతి టెస్ట్‌ని పాడుచేస్తుంది.

హెచ్‌టీటీపీ వైపు ఒక్క టెస్ట్‌ని మాత్రం తప్పక రాయండి. బ్రోకర్ అందుబాటులో లేనప్పుడు సర్వీస్ ఏం జవాబిస్తుంది? చాలా సర్వీసులు మెసేజ్ నిజంగా బ్రోకర్‌కి చేరిందో లేదో చూసుకోకుండానే 202 (తీసుకున్నాం) ఇచ్చేస్తాయి. బ్రోకర్‌కీ సర్వీస్‌కీ మధ్య టాక్సీప్రాక్సీ (కావాలని నెట్‌వర్క్ పాడుచేసే టూల్) పెట్టి కనెక్షన్ తెంపండి, రిక్వెస్ట్ పంపండి. 503 (ఇప్పుడు అందుబాటులో లేదు) వస్తే మంచిదే. 202 వస్తే ఆ డేటా ఎక్కడ ఉందో మీ కోడ్ చూపించగలగాలి, డేటాబేస్‌లోని ఔట్‌బాక్స్ టేబుల్‌లోనో (ఇంకా పంపాల్సిన మెసేజ్‌లు దాచే టేబుల్) మరెక్కడో. చూపించలేకపోతే పబ్లిషర్ కన్ఫర్మ్స్ (మెసేజ్ చేరిందని బ్రోకర్ ఇచ్చే జవాబు) వాడటం లేదన్నమాట.

క్లౌడ్‌లో అసలు క్యూ

అనుమతులు, ఎన్‌క్రిప్షన్ కీలు, ఒక సర్వీస్ నుంచి ఇంకో సర్వీస్‌కి పాలసీలు. ఇవి తేలేది ఇక్కడే. ఒక మెసేజ్‌ని చాలా చోట్లకి పంచే అమెజాన్ సర్వీస్ ఎస్‌ఎన్‌ఎస్ టాపిక్ నుంచి ఎస్‌క్యూఎస్‌కి మెసేజ్ రావాలంటే క్యూ పాలసీ దాన్ని రానివ్వాలి. క్యూని మన సొంత కీతో ఎన్‌క్రిప్ట్ చేస్తే పంపేవాళ్లకి ఆ కీ మీద కూడా అనుమతి ఉండాలి. ఇవి తప్పితే కోడ్ ఎంత బాగున్నా ఒక్క మెసేజ్ కూడా కదలదు.

అయితే ఇక్కడ టెస్టులు నెమ్మది, పైగా క్యూ సొంత నియమాలు అడ్డొస్తాయి. ఎస్‌క్యూఎస్‌లో క్యూ ఖాళీ చేసే పర్జ్‌ని 60 సెకన్లకి ఒకసారే పిలవగలం, అది పూర్తవడానికీ 60 సెకన్ల దాకా పట్టొచ్చు. క్యూ తీసేసి అదే పేరుతో మళ్లీ తయారుచేయాలన్నా 60 సెకన్లు ఆగాలి. విజిబిలిటీ టైమౌట్ (ఒకరు తీసుకున్న మెసేజ్ మిగతావాళ్లకి కనబడకుండా ఉండే సమయం) డిఫాల్ట్ 30 సెకన్లు, కాబట్టి రీట్రై టెస్ట్ ఒక్కటే అర నిమిషం తింటుంది. టెస్ట్ క్యూకి దాన్ని రెండు సెకన్లకి దించండి. లాంగ్ పోలింగ్ (మెసేజ్ వచ్చేదాకా ఆగే పద్ధతి) ఆన్ చేయండి, గరిష్ఠంగా 20 సెకన్లు పెట్టొచ్చు. మెసేజ్ వస్తే వెంటనే తిరిగొస్తుంది కాబట్టి నష్టం లేదు.

ఫిఫో క్యూ (వేసిన వరసలోనే ఇచ్చేది) ఉంటే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ఒకే డీడూప్లికేషన్ ఐడీతో (మళ్లీ వచ్చిన మెసేజ్‌ని పట్టుకునే గుర్తు) 5 నిమిషాల లోపు మళ్లీ పంపితే ఎస్‌క్యూఎస్ సరేనంటుంది, కానీ ఆ మెసేజ్‌ని డెలివర్ చేయదు. టెస్ట్ డేటా మారకుండా ఉండి, కంటెంట్ ఆధారిత డీడూప్లికేషన్ ఆన్‌లో ఉంటే మొదటి రన్ పాసవుతుంది, వెంటనే తిప్పిన రెండో రన్ ఫెయిలవుతుంది, కాఫీ తాగొచ్చి తిప్పితే మళ్లీ పాస్. ప్రతి రన్‌కి మెసేజ్‌లో కొత్త ఐడీ ఒకటి చేర్చండి.

అందరూ పంచుకునే ఒకే టెస్ట్ క్యూని మాత్రం దయచేసి పెట్టకండి. రెండు బిల్డ్‌లు ఒకేసారి నడిస్తే ఒకదాని మెసేజ్‌ని ఇంకోటి తినేస్తుంది, రెండూ ఎర్రబడతాయి, తప్పు ఎవరిదో తేలదు. బిల్డ్ నంబర్ కలిపిన పేరుతో ఎవరి క్యూ వాళ్లు తయారుచేసుకోవాలి. మధ్యలో చచ్చిపోయిన బిల్డ్‌లు వదిలేసిన క్యూలను ట్యాగ్ చూసి రోజూ తుడిచే చిన్న జాబ్ కూడా ఉండాలి.

ఎదురుచూడటం ఎలా

ఏ దారి ఎంచుకున్నా మీ సూట్ బతుకుతుందా లేదా అన్నది తేల్చేది ఈ విషయమే. అందుకే కాస్త ఆగి చెబుతాను.

క్యూ టెస్ట్‌లో పంపడానికీ ఫలితం కనబడటానికీ మధ్య సమయం ఉంటుంది. మనం రాసే మొదటి కోడ్ "పంపు, రెండు సెకన్లు నిద్రపో, చూడు". అది మన ల్యాప్‌టాప్‌లో బాగానే నడుస్తుంది. పైప్‌లైన్ సర్వర్ (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపేది) మీద లోడ్ ఉన్న రోజు ఫెయిలవుతుంది. ఎవరో రెండుని ఐదు చేస్తారు. ఆ తర్వాత పది. ఇలాంటివి నలభై టెస్టులుంటే సూట్ నిమిషాల తరబడి నిద్రపోతూనే ఉంటుంది, అయినా అప్పుడప్పుడూ ఎర్రబడుతుంది. ఎర్ర రంగు అలవాటైపోయిన టీమ్ అసలు బగ్ వచ్చినా "రీరన్ కొట్టు" అంటుంది. గూగుల్ 2016లో రాసినదాని ప్రకారం వాళ్ల టెస్టుల్లో దాదాపు 16 శాతానికి ఏదో ఒక స్థాయిలో ఈ నిలకడలేనితనం ఉంది. అంత పెద్ద ఇంజనీరింగ్ ఉన్న చోటే అలా ఉంటే మనం ముందునుంచీ జాగ్రత్తపడాలి.

నిద్రకి బదులు షరతు మీద ఆగండి. "ఇన్‌వాయిస్ టేబుల్‌లో ఈ ఆర్డర్ నంబర్ కనబడేదాకా, గరిష్ఠంగా 10 సెకన్లు" అని రాయండి. జావాలో అవేటిలిటీ ఈ పనికే ఉంది. డిఫాల్ట్‌గా 100 మిల్లీసెకన్లకోసారి చూస్తూ 10 సెకన్లదాకా ఆగుతుంది. మిగతా భాషల్లో పదిహేను లైన్ల లూప్ చాలు. పని 200 మిల్లీసెకన్లలో అయితే టెస్ట్ కూడా అప్పుడే ముగుస్తుంది. సర్వర్ నెమ్మదిగా ఉన్న రోజు ఓపిక పడుతుంది. గడువు దాటినప్పుడు ఇచ్చే ఎర్రర్‌లో క్యూ లోతు, డెడ్ లెటర్ క్యూలో ఏముందో కూడా ప్రింట్ చేయండి. "టైమౌట్" అనే ఒక్క మాటతో ఎవరూ బగ్ పట్టుకోలేరు.

అసలు కష్టం, ఏదో జరగకూడదని నిరూపించాల్సినప్పుడు. ఒకే ఆర్డర్ మెసేజ్ రెండుసార్లు వచ్చినా రెండో ఇన్‌వాయిస్ పుట్టకూడదు. ఎంతసేపు ఆగి "పుట్టలేదు" అనాలి? నేను వాడే పద్ధతి కాపలా మెసేజ్. ఒకే మెసేజ్‌ని రెండుసార్లు పంపి, వెనకాలే వేరే ఆర్డర్ నంబర్‌తో మూడోది పంపుతాను. మూడోదాని ఇన్‌వాయిస్ కనబడిందంటే ముందు రెండూ అయిపోయినట్టే. అప్పుడు మొదటి ఆర్డర్‌కి ఒకే ఇన్‌వాయిస్ ఉందని చూస్తాను. ఎదురుచూపు లేదు, ఊహ లేదు. అయితే ఇది వరస తప్పని క్యూలో, ఒకే కన్స్యూమర్ ఒక్కో మెసేజే తీసుకుంటున్నప్పుడు మాత్రమే నిజం. కాఫ్కాలో అయితే మూడూ ఒకే పార్టిషన్‌కి వెళ్లేలా కీ ఇవ్వాలి. ఎస్‌క్యూఎస్ స్టాండర్డ్ క్యూలో ఈ పద్ధతి పనిచేయదు.

మెసేజ్ ఆకారం ఎవరిది

ప్రొడ్యూసర్ ఒక టీమ్‌ది, కన్స్యూమర్ ఇంకో టీమ్‌ది అయితే పైవన్నీ చేసినా ఒక రంధ్రం మిగులుతుంది. వాళ్లు ఫీల్డ్ పేరు మారుస్తారు, వాళ్ల టెస్టులు పాస్. మీ టెస్టుల్లో పాత నమూనా మెసేజ్ ఉంది, అవీ పాస్. రెండూ కలిసేది ప్రొడక్షన్‌లోనే. దీనికి రెండు సర్వీసులనూ లేపి ఎండ్ టు ఎండ్ టెస్టులు రాయడం కంటే కాంట్రాక్ట్ టెస్ట్ చవక. పాక్ట్ అనే టూల్‌లో మెసేజ్‌లకి కూడా కాంట్రాక్టులు రాయొచ్చు, బ్రోకర్ అక్కర్లేదు. కన్స్యూమర్ తనకి ఏ ఫీల్డులు కావాలో రాస్తుంది, ప్రొడ్యూసర్ బిల్డ్ వాటిని సరిచూస్తుంది. అవ్రో (మెసేజ్ ఫార్మాట్), స్కీమా రిజిస్ట్రీ (మెసేజ్ ఆకారాలు దాచే చోటు) వాడుతుంటే డిఫాల్ట్‌గా ఉండే బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ (కొత్త ఆకారంతో పాత మెసేజ్‌లు చదవగలమా) తనిఖీని బిల్డ్‌లోనే నడపండి. రెండు వైపులూ ఒకే టీమ్, ఒకే రిపోజిటరీ అయితే ఇదంతా అక్కర్లేదు. మెసేజ్ క్లాస్‌ని పంచుకుంటే చాలు.

మరి మీరు ఏది ఎంచుకోవాలి

రాబిట్‌ఎమ్‌క్యూ, కాఫ్కా మీద ఉన్న చిన్న టీమ్ అయితే రెండు పొరలే చాలు. లాజిక్‌కి నకిలీ క్యూ, క్యూ ప్రవర్తనకి కంటైనర్. రెండూ ప్రతి కమిట్‌కీ నడవాలి. ఎమ్యులేటర్ మీకు అక్కర్లేదు.

ఎస్‌క్యూఎస్ లేదా పబ్‌సబ్ మీద ఉంటే కమిట్‌కి నకిలీ క్యూ, ఎమ్యులేటర్. మెయిన్ బ్రాంచ్‌లో కలిశాక అసలు క్యూ మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని టెస్టులు: ఒక మెసేజ్ ఈ చివరినుంచి ఆ చివరికి చేరిందా, పాడైన మెసేజ్ డెడ్ లెటర్ క్యూకి పోయిందా, అనుమతులు సరిగ్గా ఉన్నాయా. ఎమ్యులేటర్ ఇవ్వని డూప్లికేట్లను, వరస తప్పడాన్ని మీ టెస్టులే కావాలని చేయాలి. ఒకే మెసేజ్‌ని రెండుసార్లు పంపండి, "రద్దు" ముందు, "ఆర్డర్" తర్వాత వచ్చేలా తిప్పి పంపండి.

పైప్‌లైన్‌లో డాకర్‌కి అనుమతి లేని చోట పనిచేస్తుంటే కంటైనర్ దారి మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. చాలా పైప్‌లైన్ వ్యవస్థలు బిల్డ్ పక్కనే ఒక బ్రోకర్‌ని సర్వీస్‌గా లేపే వీలు ఇస్తాయి, ముందు అది అడగండి. అదీ లేకపోతే టెస్టుల కోసమే ఒక రాబిట్‌ఎమ్‌క్యూ పెట్టి బిల్డ్‌కి ఒక వర్చువల్ హోస్ట్ ఇవ్వడం నకిలీ క్యూతో సరిపెట్టుకోవడం కంటే ఎంతో మేలు.

ఇప్పటికే పెద్ద కోడ్ ఉంది, క్యూ టెస్టులు ఒక్కటీ లేవు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదంటే ఈ వారం ఒకే ఒక్క టెస్ట్ రాయండి. మీ సిస్టమ్‌లో పోతే అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మెసేజ్ ఏదో తీసుకోండి. అసలు బ్రోకర్‌ని లేపి, వర్కర్‌ని పని మధ్యలో చంపి, మళ్లీ లేపి, ఫలితం ఒకటే ఉందా చూడండి. రాశాక కోడ్‌లో యాక్‌ని పనికి ముందుకి జరిపి ఒకసారి నడపండి. టెస్ట్ ఎర్రబడాలి. ఎర్రబడకపోతే వర్కర్ చావడానికి ముందే పని పూర్తిచేసేస్తోందన్నమాట. తాళాన్ని ఇంకాస్త ముందుకి జరిపి మళ్లీ నడపండి.